విన్యాసాల ఆర్‌సీ విమానానికి సర్వోలు ఎంచుకోవడం ఎలా?

కొత్తగా రేడియోతో నడిపే (ఆర్‌సీ) విన్యాసాల విమానం కట్టుకునేవారు సర్వోల (రెక్కల, తోక పలకలను కదిపే చిన్న మోటారు పెట్టెల) దగ్గరకు వచ్చేసరికి అందరూ ఒకే మాట అడుగుతారు: ఎన్ని కిలోలది కొనాలి? ప్రశ్నే తప్పు. లూప్ పూర్తయ్యాక విమానం ఒక పక్కకు వాలిపోతోందని, ట్రిమ్ (నడిమి స్థానపు సర్దుబాటు) ఎంత సరిచేసినా నిలవడం లేదని బాధపడేవారి సర్వోలు విప్పి చూస్తే బలానికి లోటేమీ ఉండదు. ట్రాన్స్‌మిటర్ స్టిక్ వదిలాక సరిగ్గా నడిమికి తిరిగి రావడం వాటికి చేతకాదు, అంతే. సర్వోను ఎంచుకోవలసింది ఆ గుణాన్ని చూసి.

పరిమాణం సంగతి త్వరగా తేల్చేద్దాం. రెక్కల నిడివి మీటరు లోపున్న ఫోమ్ విమానానికి 9 గ్రాముల తరగతి చాలు. 120 సెంటీమీటర్ల నిడివి, కిలోన్నర లోపు బరువు ఉంటే 12 నుంచి 20 గ్రాముల సర్వోలు, 2 నుంచి 3 కిలో-సెంటీమీటర్ల టార్క్ (తిప్పే బలం) ఉన్నవి తీసుకోండి. 50 సీసీ పెట్రోలు విమానమైతే ఒక్కోటి 20 కిలో-సెంటీమీటర్లకు తగ్గకూడదు. 60 డిగ్రీలు తిరగడానికి 0.12 సెకను మించకూడదు. డిజిటల్‌వే కొనండి. అనలాగ్ సర్వో సెకనుకు 50 సార్లు మాత్రమే మోటారును సరిదిద్దుతుంది, డిజిటల్ 300 సార్ల దాకా సరిదిద్దుతుంది. గాలి తోసినా పట్టు సడలకపోవడానికి కారణం అదే.

పెట్టె మీద రాసే టార్క్, ఆర్మ్ (ఇరుసుకు బిగించే పుల్లలాంటి ముక్క) ఇక కదలలేక ఆగిపోయిన క్షణంలోని బలం. అందులో మూడో వంతుతో పని జరిగిపోవాలి. ఏ వోల్టేజీ దగ్గర కొలిచారో కూడా చూడండి: ఎంజీ90ఎస్ అనే సర్వోకు 4.8 వోల్టుల దగ్గర 1.8 కిలో-సెంటీమీటర్లయితే, 6 వోల్టుల దగ్గర 2.2. ఆ 2.2 కిలోలు ఇరుసు నుంచి ఒక సెంటీమీటరు దూరంలో లాగగల బరువు. రెండు సెంటీమీటర్ల ఆర్మ్ బిగిస్తే అది 1.1 కిలోలకు దిగిపోతుంది. పొడవాటి ఆర్మ్ పెట్టి, కదలిక ఎక్కువైందని ట్రాన్స్‌మిటర్‌లో సగానికి తగ్గించేవారు బలాన్నీ కచ్చితత్వాన్నీ రెంటినీ పోగొట్టుకుంటున్నారు. కదలిక తగ్గాలంటే ఆర్మ్ మీద లోపలి రంధ్రానికి మారండి.

ఇక అసలు పని. ఇక్కడ తొందరపడకండి.

సర్వోను విమానంలో బిగించకముందే బల్ల మీద పరీక్షించాలి. చేత్తో పట్టుకుని కాదు. చెక్కముక్కకు స్క్రూలతో బిగించి, కింద తెల్లకాగితం పరవండి. ఆర్మ్‌కు సన్నని చీపురుపుల్ల అంటించండి. ఇరుసు మధ్య నుంచి పుల్ల మొన దాకా సరిగ్గా 10 సెంటీమీటర్లు ఉండాలి. అంత దూరంలో ఒక్క డిగ్రీ తేడా కాగితం మీద 1.75 మిల్లీమీటర్లుగా కనిపిస్తుంది. ఇనుప తీగ వద్దు. దాని ఊపు సర్వోను నడిమి దాటించేస్తుంది, తప్పు సర్వోదని మీరు అనుకుంటారు.

సర్వో టెస్టర్‌లో (ట్రాన్స్‌మిటర్ లేకుండా సర్వోను తిప్పే చిన్న పరికరం) నాబ్‌ను ఎడమ కొసకు తిప్పి, న్యూట్రల్‌కు, అంటే నడిమికి మార్చండి. పుల్ల ఆగాక మొన కింద సన్నని పెన్సిలుతో చుక్క పెట్టండి. ఈసారి కుడి కొసకు తిప్పి, మళ్లీ న్యూట్రల్‌కు తెచ్చి ఇంకో చుక్క. కన్ను నిటారుగా పైనుంచే చూడాలి. పక్క నుంచి చూస్తే ఒక మిల్లీమీటరు ఇట్టే తేడా వస్తుంది. ట్రాన్స్‌మిటర్ స్టిక్‌తో ఈ పరీక్ష చేయకండి, స్టిక్ స్ప్రింగులోని లోపం కూడా లెక్కలో కలిసిపోతుంది.

రెండు చుక్కల మధ్య దూరమే ఆ సర్వో అసలు విలువ. ఎయిలరాన్‌కు (విమానాన్ని పక్కకు దొర్లించే రెక్క పలక), రడ్డర్‌కు (ముక్కును ఎడమకు, కుడికి తిప్పే తోక పలక) ఒక మిల్లీమీటరు హద్దు. ఎలివేటర్‌కు (ముక్కును పైకి, కిందికి వంచే తోక పలక) అర మిల్లీమీటరే. అంతకు మించితే ఎంత ఖరీదైనదైనా పక్కన పెట్టేయండి. ఎస్‌జీ90 అనే సర్వో డెడ్‌బ్యాండే (సంకేతం మారినా సర్వో కదలని మేర) 10 మైక్రోసెకన్లు, అంటే దాదాపు ఒక డిగ్రీ. నేర్చుకునే విమానానికి అది బాగానే పనిచేస్తుంది, విన్యాసాలకు మాత్రం పెట్టకండి.

కరెంటు ఉండగానే పుల్ల మొనను గోటితో మెల్లగా అటూ ఇటూ తాకి చూడండి. అప్పుడు కనిపించే వదులు గేర్లది. బలంగా తోస్తే పళ్లు విరుగుతాయి. మెటల్ గేర్ అయితే వదులు ఉండదనే నమ్మకం చాలామందికి ఉంది. చవక మెటల్ గేర్లలో కొత్తప్పుడే వదులు ఉంటుంది, ఇంజిన్ అదురుకు అది ఇంకా పెరుగుతుంది.

తర్వాత టెస్టర్‌ను ఆటో మోడ్‌లో పెట్టి, సర్వోను దానంతట అదే పది నిమిషాలు అటూ ఇటూ తిరగనిచ్చి, వేడెక్కిన సర్వోతో చుక్కలు మళ్లీ పెట్టండి. నల్లగొండలో మే నెల ఎండ 44, 45 డిగ్రీలకు చేరుతుంది. ఫ్యాను కింద బాగున్న సర్వో ఆ ఎండలో ఫోమ్ పొట్టలో కూర్చుంటే నడిమి స్థానం జరగవచ్చు. చల్లటి గదిలో ఒక్కసారి చూసి సరేననుకునేవారు సగం పరీక్షే చేసినట్టు.

బకెట్ వేలాడదీసి సర్వో ఎంత బరువు ఎత్తుతుందో చూపించే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని నమ్మకండి. విమానం బకెట్లు మోయదు. ఒక రోల్‌లో ఎన్నోసార్లు నడిమికి వచ్చి అక్కడ ఆగాలి. అందుకే కోఠి గుజరాతీ గల్లీలో కొన్నా, కొరియర్‌లో తెప్పించినా నాలుగు కావలసినచోట ఐదు తీసుకోండి. అన్నిటికంటే మంచిది ఎలివేటర్‌కు. చుక్కల తేడా ఒకదానికొకటి దగ్గరగా ఉన్న రెండు ఎయిలరాన్లకు. తర్వాతది రడ్డర్‌కు. ఐదోది పెట్టెలోనే ఉంచండి.

విద్యుత్తు విషయం చిన్నదే అయినా వదలకూడదు. నాలుగు సర్వోలు ఒక్కసారి గట్టిగా లాగితే ఈఎస్‌సీలోని (మోటారు వేగాన్ని నడిపే పరికరం) చిన్న బీఈసీ (సర్వోలకు, రిసీవర్‌కు కరెంటు ఇచ్చే భాగం) తట్టుకోలేదు. వోల్టేజీ పడిపోతే రిసీవర్ ఆగిపోతుంది, విమానం మీ మాట వినదు. 5 ఆంపియర్ల స్విచ్చింగ్ బీఈసీ విడిగా పెట్టండి.

చివరగా ఆర్మ్ పళ్లు. ఫుటాబా తరహా ఇరుసుకు 25 పళ్లు, హైటెక్‌కు 24, జేఆర్‌కు 23. ఒకదాని ఆర్మ్‌ను ఇంకోదానికి నొక్కితే ఎక్కినట్టే ఉంటుంది, నైఫ్ ఎడ్జ్‌లో (విమానం పక్కకు నిలబడి ఎగిరే విన్యాసం) భారం పడగానే జారిపోతుంది. ఇరుసు లోహానిదైతే మధ్య స్క్రూకు ఒక చుక్క థ్రెడ్‌లాకర్ (స్క్రూ వదులవకుండా పట్టే జిగురు) వేయండి. ప్లాస్టిక్‌దైతే వేయకండి, పగిలిపోతుంది. పల్లీలు పీకిన చెలకల్లో విమానాన్ని దింపేవారు నెలకోసారి ఆర్మ్ తీసి, ఇరుసు చుట్టూ చేరిన ఎర్ర దుమ్మును మెత్తటి బ్రష్‌తో దులిపి, చీపురుపుల్ల పరీక్ష మళ్లీ చేయాలి.