పాత ఫైలు తిరగదోడటం – 4వ పాఠం: కాగితానికి పెట్టిన పేరు

పోయిన పాఠం చివర, ఒక మరణం కేసు పాత పోలీసు ఫైలులోని సంగతులను మూడు గళ్ల పట్టికగా గీయమన్నాను: కళ్లతో చూసింది, ఎవరో చెప్పింది, పోలీసులు అనుకున్నది. మీరు పంపినవి చూశాక, ఈసారి వేలిముద్రలు మొదలుపెడదామన్న ఆలోచన మానుకున్నాను. దాదాపు అందరూ ఒక్కచోటే జారారు. తప్పు కొంత నాదే. ‘చూసింది’ అంటే ఏమిటో విడమరచి చెప్పలేదు.

మీరు మొదటి గడిలో రాసింది: ‘శవం దగ్గర సూసైడ్ నోట్ దొరికింది.’

దొరకలేదు. దొరికింది చేతిరాత ఉన్న ఒక కాగితం. దాన్ని సూసైడ్ నోట్ అనడం మూడో గడి సంగతి. మాటల గారడీ అనుకోకండి. కాగితానికి ఆ పేరు పెట్టేశాక ఎవరి చేతిరాతో పోల్చాలని ఎవరికీ తోచదు. మీద ఎవరి వేళ్లు పడ్డాయో చూడరు. లోపల ప్రస్తావించిన మనుషులెవరని అడగరు. పేరే జవాబైపోతుంది.

తూర్పు లండన్‌లోని బార్కింగ్‌లో జరిగింది ఇదే. 2014 జూన్ నుంచి 2015 సెప్టెంబరు లోపు నలుగురు యువకులు చనిపోయారు. రెండో, మూడో శవాలు ఒకే చర్చి ఆవరణలో, దాదాపు ఒకేచోట, మూడు వారాల తేడాతో దొరికాయి. రెండుసార్లూ చూసింది కుక్కను తిప్పడానికి వచ్చిన ఒకే మహిళ! మూడో శవం దగ్గర ఒక కాగితం ఉంది. రెండో యువకుడి చావుకు కారణం తానేనని, రాత్రి తనతో ఉన్న మనిషిని తప్పుపట్టవద్దని అందులో రాసి ఉంది.

ఆ చివరి మాట మళ్లీ చదవండి. చావబోయేవాడు, ఎవరూ అడగకుండానే, ఒక మనిషిని వెనకేసుకొస్తున్నాడు. ఆ మనిషెవరో పోలీసులు వెతికి పట్టుకోలేదు. చేతిరాత నిపుణుడికి పంపలేదు. శవం కింద ఉన్న దుప్పటికి డీఎన్ఏ పరీక్ష చేయించలేదు. తర్వాత తేలిందేమిటంటే రాసింది హంతకుడు స్టీఫెన్ పోర్ట్, దుప్పటి మీదున్న డీఎన్ఏ కూడా అతడిదే. ఈలోగా నాలుగో యువకుడు చనిపోయాడు. 2016 నవంబరులో పోర్ట్‌కు జీవితాంతం జైలు పడింది. పోలీసుల వైఫల్యాలు మొదటిదాని తర్వాతి మూడు మరణాలకు బహుశా దోహదం చేశాయని 2021 డిసెంబరులో మరణ విచారణ జ్యూరీ తేల్చింది.

ఇలాంటివే మీ పట్టికల్లో ఇంకో రెండు. ‘తలుపు లోపల గడియ వేసి ఉంది.’ పోలీసులు వచ్చేసరికి తలుపు పగలగొట్టి ఉంటే, గడియ సంగతి పగలగొట్టినవాడు చెప్పిందే, కాబట్టి రెండో గడి. ‘మరణ సమయం తెల్లవారుజామున 3 గంటలు.’ ఎవరు చూశారు? శరీరం బిగుసుకోవడం, చల్లబడటం బట్టి డాక్టరు చెప్పేది కొన్ని గంటల అంచనా. ఒక గంటకు కుదించి రాసినవాళ్లెవరో కనుక్కోండి.

నకళ్ల మీదే పని చేయడం, పేజీలకు నంబర్లు వేయడం చెప్పక్కర్లేదు కదా.

నా అలవాటు ఒకటుంది. పోలీసుల ముగింపు రిపోర్టును నా పని అయ్యేదాకా చదవను, తెరుచుకోకుండా దానికి క్లిప్పు పెట్టేస్తాను. ముందు స్వాధీనం చేసుకున్న వస్తువుల జాబితా తీసి, ఒక్కో వస్తువు పక్కన ‘ఏ ల్యాబు, ఏ తేదీ’ అని రాసుకుంటాను. ఖాళీగా మిగిలినవే నా పని. ఇది పద్ధతి పుస్తకాల్లో ఉండకపోవచ్చు, నాకు మాత్రం టైమ్ చాలా కలిసొస్తుంది.

అభ్యాసం. ఈసారి కాస్త కష్టమే. 2014 సెప్టెంబరు 20. మూడో శవం దొరికిన రోజు ఫైలు మీ చేతిలో ఉంది. పోర్ట్ పేరు, నాలుగో మరణం, తీర్పు, ఏదీ మీకు తెలియదు. ఆ సాయంత్రానికి తెలిసిన వాటితోనే, మర్నాడు చేయించాల్సిన పనులు పది రాయండి. ఒక్కో పని పక్కన, అది ఏ గడిలోని ఏ వాక్యాన్ని పరీక్షిస్తుందో రాయాలి. తర్వాత జరిగింది తెలిసినందువల్ల తట్టిన పని ఒక్కటున్నా కొట్టేసి ఇంకోటి రాయండి. నేను రాసినప్పుడు నాలుగు కొట్టేయాల్సి వచ్చింది.