సాయంత్రం జీపీ అపాయింట్‌మెంట్లు: పేషెంట్ల మాట ఎలా సేకరించాలి

మా సర్జరీ (ఇంగ్లండ్‌లో జీపీ, అంటే ఫ్యామిలీ డాక్టరు, క్లినిక్‌ను ఇలాగే అంటారు) పేషెంట్ గ్రూపులో చేరాక నాకు అప్పజెప్పిన మొదటి పని ఇదే: సాయంత్రాలూ శనివారాలూ ఇచ్చే అపాయింట్‌మెంట్ల గురించి జనం ఏమనుకుంటున్నారో కనుక్కోవడం. ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి వెయిటింగ్ రూములో ఫారాలు పంచాను. నింపినవాళ్లలో ఎక్కువమంది రిటైరైనవాళ్లే. టైమింగ్స్‌తో ఏ ఇబ్బందీ లేదని రాశారు. ఇబ్బంది పడేవాళ్లు ఆ టైముకి డ్యూటీలో ఉంటారు, లేదా నైట్ షిఫ్ట్ చేసొచ్చి పడుకుని ఉంటారు. రెండోసారి పద్ధతి మార్చాం. ఇంగ్లండ్‌లో ఉంటున్న మనవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

ఇక్కడ ప్రతి జీపీ సర్జరీకీ ఇలాంటి పేషెంట్ పార్టిసిపేషన్ గ్రూపు ఉండాలని 2015 ఏప్రిల్ నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ప్రభుత్వ వైద్య సేవ) కాంట్రాక్టులోనే ఉంది. రిసెప్షన్‌లో అడిగితే ఎలా చేరాలో చెప్తారు. దయచేసి చేరండి.

అడగడానికి ముందు అసలు ఏముందో తెలుసుకోవాలి. 2022 అక్టోబరు 1 నుంచి చుట్టుపక్కల సర్జరీలన్నీ కలిసిన నెట్‌వర్క్ సోమవారం నుంచి శుక్రవారం దాకా సాయంత్రం 6:30 నుంచి 8 వరకూ, శనివారం 9 నుంచి 5 వరకూ అపాయింట్‌మెంట్లు ఇవ్వాలి. వెయ్యి మంది పేషెంట్లకు వారానికి సుమారు 60 నిమిషాల లెక్క. అంటే 40,000 మంది ఉన్న నెట్‌వర్క్‌కు దాదాపు 40 గంటలు. అందులోనే డాక్టరు, నర్సు, ఫార్మసిస్టు, ఫిజియో అందరూ సర్దుకోవాలి. అపాయింట్‌మెంట్ మన సర్జరీలోనే దొరుకుతుందనీ లేదు. రాత్రి వేళ 111కి (ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు) ఫోన్ చేయడం వేరే సంగతి. ఈ రెంటినీ ఒకే ఫారంలో కలిపితే జవాబులు కలగాపులగం అవుతాయి.

అందుకే “మీకు సాయంత్రం అపాయింట్‌మెంట్లు కావాలా?” అని అడగకండి. ఎవరైనా కావాలనే అంటారు, దాంతో సర్జరీ పనులు చూసే ప్రాక్టీస్ మేనేజర్ చేయగలిగేదేమీ ఉండదు. ముందు ఆ మేనేజర్‌తో అరగంట కూర్చుని ఏది మార్చగలరో, ఏది కుదరదో రాసుకోండి. శనివారం రక్తం శాంపిళ్లు ల్యాబుకి తీసుకెళ్లే బండి లేకపోతే, శనివారం బ్లడ్ టెస్ట్ కావాలా అని అడిగి జనానికి ఆశ పెట్టకూడదు.

మా ఫారంలో ఐదే ప్రశ్నలు. అన్నిటికన్నా పనికొచ్చింది మొదటిది: “కిందటిసారి రావాలనుకుని రాలేకపోయింది ఎప్పుడు? అప్పుడు ఏం చేశారు?” తర్వాత ఏ రోజు, ఏ గంట కుదురుతుంది, దేనికోసం (ఆడవాళ్లకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కోసం చేసే స్మియర్ టెస్టా, పిల్లల టీకాలా, బీపీ చెకప్పా), వేరే సర్జరీకి వెళ్లాల్సి వస్తే ఎలా వెళ్తారు, అపాయింట్‌మెంట్ బుక్ చేసుకోవడంలో ఇబ్బందేమిటి. చివర నాలుగు లైన్ల ఖాళీ జాగా.

ఆ ఐదో ప్రశ్న మొదట్లో మా ఫారంలో లేదు. అది రావడానికి కారణం ఊరి శివారు వేర్‌హౌస్ దగ్గర బస్టాపులో కలిసిన తెనాలి కుర్రాడు. “సాయంత్రం ఆరున్నరకి నేను డ్యూటీకి బయల్దేరతా అక్కా, నాకు ఆ టైం వద్దు. పొద్దున ఏడున్నరకి ఇల్లు చేరతా. ఎనిమిదింటికి ఫోన్ చేద్దామని కూర్చుంటే క్యూలో ఇరవయ్యో నంబరు అంటుంది. అలాగే నిద్రపోతా” అన్నాడు. ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి. అతనికి కావాల్సింది సాయంత్రం అపాయింట్‌మెంట్ కాదు, పొద్దున ఎనిమిదింటికే కాకుండా బుక్ చేసుకునే వీలు. ఇప్పుడు ఆన్‌లైన్ రిక్వెస్టులు పొద్దున 8 నుంచి సాయంత్రం 6:30 దాకా తీసుకోవాలని 2025 అక్టోబరు 1 నుంచి రూల్ ఉంది. అడగడానికి వెళ్లినప్పుడు ఇలాంటివి చెప్పి రండి కూడా.

కాబట్టి జనం ఉన్నచోటికే మనం వెళ్లాలి: షిఫ్ట్ మారే వేళ బస్టాపు, గుడి, శనివారం తెలుగు క్లాసుకి పిల్లల్ని దింపే తల్లిదండ్రులు. ఇంట్లో పెద్దవాళ్లను విడిగా అడగాలి. ఒకింట్లో కోడలే అన్నిటికీ జవాబు చెప్పేసింది. ఆమె టీ పెట్టడానికి లేచాక పెద్దావిడను తెలుగులో అడిగితే, కొడుకు సెలవు పెట్టాల్సొస్తుందని మోకాళ్ల నొప్పి సంగతి ఆర్నెల్లుగా ఎవరికీ చెప్పలేదంది. ఉచితంగా ఇంటర్‌ప్రెటర్‌ను ఇస్తారనీ ఆవిడకు తెలియదు.

పేరు, పుట్టినతేదీ, జబ్బు వివరాలు రాయించకండి. పోస్ట్‌కోడ్ మొదటి సగం చాలు. పేషెంట్ల ఫోన్ నంబర్లు గ్రూపు చేతికి రాకూడదు. లింకు పంపాలంటే సర్జరీయే మెసేజ్ పంపాలి. ఎవరైనా ఛాతీ నొప్పి లాంటిది చెప్తే ఫారం పక్కన పెట్టి 999కి (ఎమర్జెన్సీ నంబరు) ఫోన్ చేయించండి.

జవాబులు వచ్చాక వయసుల వారీగా లెక్కపెట్టి, సర్జరీలో నమోదైనవాళ్ల వయసుల లెక్కతో పోల్చండి. ఆ అంకెలు మేనేజర్ ఇస్తారు. ఎవరు తగ్గారో తెలిస్తే మళ్లీ వాళ్ల దగ్గరికే వెళ్లొచ్చు. రిపోర్టు రెండు పేజీలు దాటనివ్వకండి. జనం అన్న మాటలు అన్నట్టే రాయండి, ఎవరన్నారో తెలియకుండా.

మా దగ్గర స్మియర్ టెస్టుల కోసం శనివారం నర్సు గంటలు పెరిగాయి. రెండో సర్జరీకి సాయంత్రం బస్సు లేని సమస్య అలాగే ఉంది. రెండూ ఒకే కాగితం మీద రాసి వెయిటింగ్ రూములో పెట్టాం. ఇంకో కాపీ వేర్‌హౌస్ బస్టాపు పక్కనున్న కొట్టులో, ఓనర్‌ని అడిగి, తలుపుకి అతికించాను.