ఊలు అల్లే చేతికి నొప్పి రాకుండా

మా మనవడు ఢిల్లీలో, డిసెంబరు చలిలో పుట్టాడు. కబురు అందగానే కావలిలో కూర్చుని రెండు స్వెట్టర్లు పదకొండు రోజుల్లో ముగించి, వెంటనే దుప్పటి ఎత్తుకున్నాను. మర్నాడు తడిగుడ్డ పిండుతుంటే కుడి బొటనవేలి మొదట్లో సూది దిగినంత నొప్పి. కాఫీ గ్లాసు ఎత్తబోయినా అదే. ముప్పై ఏళ్లుగా అల్లుతున్న చెయ్యి కదా అని ధీమాగా ఉండిపోయాను. మీరు అలా ఉండకండి.

అన్నిటికంటే ముందు చూసుకోవలసింది పట్టు. మన ఎండలకు అరచేయి చెమర్చి సూది జారుతుంది. జారకుండా తెలియకుండానే బిగించేస్తాం. వరుస మధ్యలో ఆగి గోళ్లు చూసుకోండి. కొసలు తెల్లబడి ఉంటే బిగించారన్నమాటే. ఒడిలో పొడి తువాలు ఉంచుకుని చేతులు తుడుచుకుంటూ ఉండండి. కుట్టును బలంగా తోయాల్సి వస్తుంటే ఒక నంబరు లావు సూదికి మారండి. నూలు దారం ఊలులా సాగదు, చెయ్యి త్వరగా అలుస్తుంది. అందుకే నూలుతో అల్లే రోజు నేను సగం పనే పెట్టుకుంటాను.

దుప్పటికి పొడవాటి జంట సూదులు వద్దు. రెండు సూదులనూ మెత్తని తీగతో కలిపినవి దొరుకుతాయి. వాటితో అల్లితే బరువు మణికట్టు మీద వేలాడకుండా ఒడిలో పడుతుంది. మోచేతుల కింద చెరో దిండు పెట్టుకోండి, మణికట్టు వంచకండి. ఇరవై నిమిషాలకు ఫోనులో గంట పెట్టుకుని, అది మోగగానే వరుస మధ్యలో ఉన్నా సరే లేచి వేళ్లు చాచి, భుజాలు తిప్పండి.

నొప్పి వచ్చాక అల్లిక ఆపాల్సిందే. వాపుంటే గుడ్డలో చుట్టిన ఐసు పది నిమిషాలు, బిగుసుకుపోతే గోరువెచ్చని నీళ్లు. వాచిన చోట నూనె రాసి గట్టిగా రుద్దవద్దు.

తిమ్మిరిని మాత్రం తేలిగ్గా తీసుకోకండి. బొటనవేలు, చూపుడు వేలు, మధ్య వేలు మొద్దుబారి రాత్రి నిద్ర లేపుతుంటే మణికట్టులో నరం నొక్కుకుపోతూ ఉండవచ్చు. దీన్ని కార్పల్ టనెల్ అంటారు. మధుమేహం, థైరాయిడ్ లోపం ఉన్నవారికీ గర్భిణులకూ ఇది వచ్చే అవకాశం ఎక్కువ. రాత్రిపూట మణికట్టును నిటారుగా ఉంచే పట్టీ చాలామందికి ఉపశమనం ఇస్తుంది. చిటికెన వేలు తిమ్మిరెక్కితే మోచేయి ఎక్కువసేపు మడిచి ఉంచుతున్నారేమో చూసుకోండి. వస్తువులు చేతిలోంచి జారిపోతున్నా, రెండు వారాలకూ నొప్పి తగ్గకపోయినా ఎముకల డాక్టరుకు చూపించండి.

నాకు బొటనవేలిని కదిపే స్నాయువు పొర వాచిందని చెప్పి, మూడు వారాలు పట్టీ వేశారు. పట్టీ తీశాక మొదటి రోజు నాలుగు వరుసలే అల్లాను. మర్నాడు నొప్పి లేదని చూసుకుని ఆరు చేశాను. దుప్పటి ఇప్పుడు సగం దాటింది.