మీ ఊరి సువార్త సేవకు మద్దతు కోరుతూ కుటుంబంతో చెన్నై బాప్టిస్టు సంఘాలకు బయల్దేరే ముందు జాగ్రత్తలు

• తేదీ ముందే ఖాయం చేసుకోండి. బాప్టిస్టుల్లో ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద. పై సంస్థ పెద్దల ఉత్తరం చేతిలో ఉన్నా పాస్టరుగారు, డీకన్లు (సంఘ పరిచారకులు) ఒప్పుకోవాల్సిందే. మొదటి ఆదివారం చాలాచోట్ల ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన) ఉంటుంది, మాట్లాడడానికి మీకు పది నిమిషాలు దొరికితే గొప్ప.

• అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు. వ్యాసర్‌పాడి వైపు సబ్‌వేలో నీళ్లు నిలిస్తే ఆరాధన ముగించే ఆశీర్వాద ప్రార్థనకు చేరతారు! గంట ముందే కదలండి.

• డబ్బు విషయంలో మొహమాటం వద్దు. ప్రతి పైసాకూ రసీదు రాయండి. మీ ట్రస్టుకు 80జీ (దాతలకు ఆదాయపు పన్ను మినహాయింపు దొరికే గుర్తింపు) ఉన్నా, 2,000 రూపాయలు దాటిన నగదు కానుకకు దాతకు పన్ను మినహాయింపు రాదు, ముందే చెప్పండి. విదేశీ పౌరులు ఇస్తామంటే, 2010 నాటి విదేశీ విరాళాల చట్టం కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేకుండా పుచ్చుకోకూడదు. ‘మనవాళ్లే కదా’ అనుకోవద్దు. మనవాడైనా అమెరికా పాస్‌పోర్టు ఉంటే విదేశీ పౌరుడే.

• సాక్ష్యంలో, అంటే మీ సేవ గురించి సంఘం ముందు చెప్పే మాటల్లో, అంకెలు సరిచూసుకోండి. 1878 జులై 3న ఒంగోలు ప్రాంతంలోని వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందిన సంగతి నెల్లూరు, ఒంగోలు నుంచి వచ్చిన పెద్దలకు కంఠతా వచ్చు. మీ ఊరి లెక్క కూడా అంతే నిక్కచ్చిగా ఉండాలి. కొత్త విశ్వాసుల ఫొటోలు వాళ్ల అనుమతి లేకుండా తెరమీద చూపకండి.

• వెంట తీసుకెళ్లే మీ పిల్లల చేత వారం వారం అదే పాట పాడించకండి, పాపం. వాళ్లకు టిఫిను, మార్చుకోవడానికి బట్టలు సర్దుకోండి.