చెక్కు వెనక సంతకం పెట్టించే ముందు

అమ్మ పేరు మీద వచ్చిన చెక్కు మీ ఖాతాలో వేసుకుందామనుకుంటున్నారా? ముందు దాని ఎడమ పై మూల చూడండి. రెండు అడ్డగీతల మధ్య ‘అకౌంట్ పేయీ’ అని ఉంటే అక్కడితో ఆగిపోవాల్సిందే. ఇండియాలో అలాంటి చెక్కు డబ్బు ఎవరి పేరుందో వాళ్ల ఖాతాలోనే పడాలి. వెనక ఎన్ని సంతకాలున్నా లాభం లేదు.

అమెరికాలో చెక్కు వెనక రాసి ఇంకొకరికి ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. తీసుకోవడం మాత్రం బ్యాంకు ఇష్టం. చాలా బ్యాంకులు వద్దంటాయి, ఫోన్‌లో ఫొటో తీసి వేసే డిపాజిట్‌కైతే మరీను. అందుకే పెన్ను తీయకముందే మీ బ్రాంచిలో అడగండి. వెనక మీ పేరు రాసేశాక వాళ్లు కాదంటే, అదే చెక్కును అమ్మ తన ఖాతాలో వేసుకోవడానికీ తంటాలు పడాలి.

అసలు టెన్షన్ వెనక రాతతోనే. ఒట్టి సంతకం పెట్టి వదిలేస్తే ఆ చెక్కు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే, దారిలో పడిపోయినా అంతే. కాబట్టి ముందుగా సంతకం చేయించి బ్యాగులో పెట్టుకు తిరగొద్దు, పోస్టులో అసలే పంపొద్దు. వీలైతే ఇద్దరూ గుర్తింపు కార్డులతో వెళ్లి కౌంటర్ దగ్గరే రాయండి: ‘పే టు ది ఆర్డర్ ఆఫ్’ అని మీ పూర్తి పేరు, దాని కింద అమ్మ సంతకం, ఆ కింద మీది. చెక్కు మీద ఆవిడ పేరు తప్పుగా పడి ఉంటే, ముందు అలాగే రాసి, తర్వాత సరైన పేరుతో సంతకం పెట్టమంటారు.

ఇద్దరి పేర్ల మధ్య ‘అండ్’ ఉంటే ఇద్దరూ సంతకం పెట్టాలి. చెక్కు మీద ఎవరి పేరుందో ఆ మనిషి చనిపోతే ఎవరూ వాళ్ల సంతకం పెట్టకూడదు. పవర్ ఆఫ్ అటార్నీ కూడా ఆ మనిషితోనే పోతుంది. తేదీ కూడా చూసుకోండి: ఇండియాలో 3 నెలలు దాటితే చెల్లదు, అమెరికాలో 6 నెలలు దాటితే బ్యాంకు కాదనొచ్చు.

ఖాతాలో అంకె కనబడగానే ఖర్చు పెట్టేయకండి. తర్వాత చెక్కు బౌన్స్ అయితే ఆ డబ్బు మీ ఖాతాలోంచే వెనక్కి లాగుతారు, పైగా చార్జీలు. వెనక సంతకం పెట్టిన పాపానికి అమ్మకూ బాధ్యత తప్పదు.

నన్నడిగితే, ఆవిడకు ఖాతా ఉంటే అందులోనే వేసి, క్లియరయ్యాక మీకు ట్రాన్స్‌ఫర్ చేయించుకోవడం నయం. ఖాతా లేకపోతే చెక్కు ఇచ్చినవాళ్లకే దాన్ని తిరిగిచ్చి, మీ పేరు మీద కొత్తది రాసిస్తారేమో అడగండి.