పద్మిని సీట్లు విప్పే ముందు: వానల్లోపు చూసుకోవాల్సినవి

పాత ఫియట్, ప్రీమియర్ పద్మిని కార్లున్నోళ్లు చాలామంది వానలు పడేలోపు సీట్ల పని కానిచ్చేద్దామని మే నెలలో మొదలుపెడతారు. మంచిదే, కానీ ఒరిజినల్ లుక్ కావాలనుకుంటే మాత్రం బండిని షాపు దగ్గర వదిలేసి "పాత మోడల్‌లాగే కుట్టన్నా" అని చెప్పి వచ్చేయకండి, సాయంత్రానికల్లా పాత కవర్లు చెత్తలో ఉంటాయి, పాతది ఎలా ఉండేదో చెప్పేవి అవే కదా.

ముందు మీ బండి ఏ ఏడాదిదో ఆర్సీలో చూసుకోండి. ఫియట్ 1100 డిలైట్, ప్రెసిడెంట్, 1974 నుంచి పద్మిని, అన్నీ ఒకే బాడీలాగా ఉంటాయి గానీ లోపలి ట్రిమ్ (సీటు కవర్లు, తలుపుల లోపలి అట్టలు) అన్నేళ్లూ ఒకేలా లేదు. స్టీరింగ్ పక్కన గేరున్నవాటికి ముందు బెంచ్ సీటు (అడ్డంగా ఒకటే పొడుగు సీటు), చివర్లో వచ్చిన ఫ్లోర్ గేరు బళ్లకి బకెట్ సీట్లు (విడివిడి సీట్లు). నెట్‌లో ఎవరిదో 90ల బండి ఫోటో బాగుంది కదా అని 60ల బండికి కుట్టించేస్తే ఇక రిస్టోరేషన్ అనే మాటెందుకు, వెల్వెట్ వేయించుకున్నా ఒకటే.

ఇన్నేళ్లలో రెండు మూడు చేతులు మారిన బండికి సీట్లు మళ్లీ కుట్టించకుండా ఉండరు. అయితే చాలామంది పాతదాన్ని పీకకుండా దానిమీదే కొత్త రెగ్జిన్ లాగేస్తారు, కాబట్టి పై కవర్ కింద ఇంకో కవర్ దొరికే ఛాన్స్ ఉంది, ఒక్కో పొర విప్పుతూ ఫోటో తీయండి. అసలు రంగు కావాలంటే ఎండ తగలని చోట వెతకాలి: సీటు ఫ్రేము అడుగున మడిచిన అంచు, వెనక సీటు వీపు వెనకాల, డోర్ ప్యాడ్ (తలుపు లోపలి వైపు అట్ట) మీద అద్దం దించే హ్యాండిల్ వాషర్ కింద. ఆ వాషర్ తీస్తే దాని కింద గుండ్రంగా ఒక ముక్క ముదురుగా మిగిలి ఉంటుంది, చుట్టూ ఉన్నదంతా వెలిసిపోయి వేరే రంగులా కనిపిస్తుంది. ఫోటో తీసేటప్పుడు పక్కన తెల్ల కాగితం పెట్టండి, ఫోన్ కెమెరా రంగు మార్చేస్తుంది. సీటు కవర్ మీది గీతల మధ్య వెడల్పు, పైపింగ్ (అంచు వెంట తాడులా ఉబ్బెత్తుగా కుట్టే పట్టీ) లావు స్కేలుతో కొలిచి రాసుకోండి. ఆ గీతలు కుట్టినవా, వేడితో అతికించి నొక్కినవా అన్నది కూడా చూడండి, రెండూ దూరం నుంచి ఒకటే, దగ్గర నుంచి కాదు. ఇంట్లో పాత పెళ్లి ఫోటోలుంటే బయటికి తీయండి, బ్లాక్ అండ్ వైట్ అయినా గీతల లెక్క తెలుస్తుంది.

విప్పేటప్పుడు మాస్క్, గ్లౌజులు తప్పనిసరి. లోపల కొబ్బరి పీచు, గోనెగుడ్డ పొడి పొడి అయి ఉంటాయి, ఎలుకలు కాపురం పెట్టి ఉండొచ్చు. వాటి మూత్రంతో లెప్టోస్పైరోసిస్ (ఎలుక జ్వరం) వస్తుంది, అందుకే పొడి చీపురుతో ఊడ్చకుండా ముందు ఫినాయిల్ నీళ్లు చల్లి తర్వాత తుడవండి. తెగిన స్ప్రింగు చేతిని కోసేస్తుంది, దాన్ని మార్చకుండా మీద ఫోమ్ పరిచి కప్పేస్తామంటే ఒప్పుకోకండి.

సీట్లు బయట ఉన్నప్పుడే ఫ్లోర్ తుప్పు చూపించుకోండి. తలుపుల విషయం చాలామందికి తెలియదు: అద్దం మీది నుంచి వాన నీళ్లు తలుపు లోపలికి దిగి అడుగున రంధ్రాల్లోంచి పోతాయి, అది మామూలే, కానీ ఆ రంధ్రాలు మట్టితో మూసుకుపోయినా, డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీట్ లేకపోయినా కొత్త ప్యాడ్ అట్ట మొదటి వానకే ఉబ్బిపోతుంది.

అతికించే గమ్ వాసన మహా ఘాటు, మంట అంటుకునే సరుకు కూడా, తలుపులన్నీ తెరిచి చేయించండి, బ్యాటరీ వైరు తీసేయండి, దగ్గర్లో బీడీ వెలిగించనివ్వొద్దు. కొత్త రెగ్జిన్ కాసేపు ఎండలో పెట్టి మెత్తబడ్డాక లాగితే ముడతలు రావు, ఈ పని మబ్బు పట్టిన రోజు పెట్టుకోకండి. కొనేటప్పుడు మొత్తం ఒకే రోల్లోంచి కోయించండి, ఇంకో రోల్‌కి రంగు తేడా వస్తుంది. ఒక మీటరు ఎక్కువ తీసుకుని చుట్టి దాచండి, మడత పెడితే ఆ గీత ఇక పోదు.