సోలార్ బ్యాటరీ వోల్టేజీని ఆర్డుయినోతో కొలిచేటప్పుడు

పర్లాకిమిడి, రాయగడ పరిసరాల్లో పొలం దగ్గర సోలార్ పలక, 12 వోల్టుల బ్యాటరీ పెట్టుకున్నవారు దాని వోల్టేజీని ఆర్డుయినో ఊనో అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డుతో చూసుకోదలిస్తే, తీగను నేరుగా దాని అనలాగ్ పిన్నుకు (వోల్టేజీని కొలిచే పిన్నుకు) కలపకూడదు. ఆ పిన్ను కొలవగలిగేది 5 వోల్టుల వరకే. బ్యాటరీ ప్లస్ నుంచి పిన్నుకు 47 కిలో ఓమ్‌ల రెసిస్టరును, పిన్ను నుంచి గ్రౌండుకు (మైనస్ వైపుకు) 10 కిలో ఓమ్‌ల రెసిస్టరును కలిపితే వోల్టేజీ 5.7 రెట్లు తగ్గుతుంది. లెక్కను 12 వోల్టులకే కట్టవద్దు, ఎందుకంటే ఛార్జింగులో బ్యాటరీ 14.4 వోల్టుల దాకా వెళ్తుంది, బ్యాటరీ వైరు ఊడితే పలక వోల్టేజీయే 21 దాకా పోవచ్చు. అప్పుడు కూడా పిన్నుకు చేరేది సుమారు 3.7 వోల్టులే. రీడింగు 1023 (బోర్డు చూపగల గరిష్ఠ విలువ) దగ్గరే నిలిచిపోతే, ముందుగా గ్రౌండు వైపున్న 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు అతుకునే అనుమానించండి. ఇంటి 230 వోల్టుల కరెంటుకు మాత్రం ఈ పద్ధతిని ఎన్నడూ వాడవద్దు.